హలుష్కా పెట్టని సంతకం

డ్వేన్ హలుష్కా చనిపోయాడని ఎవరో అన్నారు. ఆ మాట నమ్మి వ్యాపారం చేశాను.

పదేళ్లలో ఏడు జట్లు మారిన హాకీ ఆటగాడు. ఆటగాళ్ల ఫొటోలతో అచ్చయ్యే కార్డులను జనం కొని దాచుకుంటారు, నేను అమ్మేది అవే. అలాంటివాళ్ల కార్డులకు ధర పలకదు. అయితే 1971లో వచ్చిన అతని కార్డులో ఒక వింత ఉంది: పేరు అతనిది, ఫొటో ఇంకెవరిదో. సంతకం కూడా ఉంటే మూడింతలు పలుకుతుంది. పోయిన మనిషి సంతకాన్ని సరిచూసేదెవరు? నీలి ఇంకుతో నేనే పెట్టాను. తొమ్మిది అమ్మాను.

కెనడాలో మూస్ జా అనే ఊళ్లో, కార్డుల సంతలో, అదే హలుష్కా వచ్చి నా ఎదుటి బల్ల దగ్గర కూర్చున్నాడు. రెండుచోట్ల విరిగిన ముక్కు, పారల్లాంటి చేతులు. సంతకాల కోసం జనం వరుస కట్టారు. అందులో మూడో మనిషి గ్రెటా. పోయినేడాది నా దగ్గర ఆ కార్డు కొన్నది.

ఒక్క దొంగ సంతకం బయటపడితే ఇక ఏ సంతలోనూ నాకు బల్ల ఇవ్వరు. సరుకు సర్దుకుని పోతే నేరం ఒప్పుకున్నట్టే. కూర్చుండిపోయాను.

"దీనిమీద మీ సంతకం ఉందిలెండి, పెద్దాయనా. పక్కన నా పేరు కూడా రాయండి," అంది గ్రెటా.

అతను కార్డును వెలుతురుకు పట్టాడు. "ఎక్కడ కొన్నావమ్మా?"

"అదుగో, మా వెర్న్ దగ్గర. బంగారంలాంటి మనిషి."

"కాసేపు నా దగ్గర ఉంచు."

ఆమె కాఫీకి వెళ్లింది. అతను కుర్చీ ఈడ్చుకుంటూ వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"ఈ ఫొటోలో ఉన్నవాడి పేరు రోజే, నా జట్టువాడు. ఫొటోల రోజున సరదాకి జెర్సీలు మార్చుకున్నాం. కార్డు అచ్చయ్యేలోపే బస్సు బోల్తాపడి పోయాడు. వాడి మొహం మీద నా పేరు ఎన్నడూ రాయలేదు. నాతో ఆడినోళ్లందరికీ తెలుసు. ఎన్ని అమ్మావు, బంగారంలాంటి మనిషీ?"

నాలుగని చెబితే నెగ్గుకురావచ్చా అని లెక్క వేశాను. అతని చెయ్యి నా మణికట్టు మీద పడింది. నొక్కలేదు.

"తొమ్మిది."

"ఇది నా దగ్గరుంది. తక్కిన ఎనిమిదీ నువ్వే వెనక్కి తేవాలి. ఒక్కొక్కళ్లకీ నీ నోటితోనే చెప్పి."

"ఎప్పట్నించి?"

అతను కాఫీలమ్మే వైపు గడ్డం ఎత్తి చూపాడు. చెయ్యి మాత్రం తియ్యలేదు. గ్రెటా రెండు కాఫీలతో వస్తోంది. ప్రతి సంతలోలాగే, రెండోది నాకు.