ఐదు నుంచి ఏడు దాకా

ఆల్ఫే డెవో మంచు హాకీ ఆడే రింకు మధ్యలో ఒక మోకాలూని, చేతి తొడుగు తీసి, మంచుకు అరచెయ్యి ఆనించి లెక్కపెట్టాడు. ఏడు అనేదాకా చర్మం అంటుకోలేదు. ఐదులోపే అంటుకోవాలి. ఇంకాస్త చల్లబడాలి. గోడకు థర్మామీటరు ఉంది, నిరుడు కొన్నదే, కానీ దాని మాట ఆయన చెవిన పెట్టడు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆ ఊరి హాకీ మంచును చూసుకుంటున్నది ఆ అరచెయ్యే.

పొట్టి మనిషి. ఎడమ మోకాలు సరిగా వంగదు. తలమీది ఊలు టోపీ సగం నీలం, సగం గోధుమరంగు. నీలం ఊలు మధ్యలో అయిపోతే భార్య లియోనీ చేతికందిన రంగుతో అల్లేసింది. ఊరు నవ్వింది. ఆయన ఇంకో టోపీ పెట్టుకోలేదు.

మధ్యాహ్నం నుంచీ మంచును చల్లబరిచే రెండు కంప్రెసర్లూ నడుస్తూనే ఉన్నాయి. కేప్ బ్రెటన్ దీవిలో కొండ దాటి ఆ ఊరికి వచ్చే కరెంటు లైను ఒక్కటే. ఇంటింటా చమురు పొయ్యిలు తీసేసి కరెంటు హీటర్లు పెట్టుకున్నాక, చలి సాయంత్రాలు ఆ లైను మొయ్యలేకపోతోంది. కొత్త లైనుకు ఆరేళ్లు పడుతుందన్నారు. ఈలోగా కంపెనీవాళ్లు ఒక ఉపాయం చెప్పారు. చలి ముదిరిన రోజు పొద్దున్నే కబురు పెడతారు, ఆ సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా రింకు కంప్రెసర్లు ఆపాలి. ముందే మంచును గట్టిగా చల్లబరిచి ఉంచితే ఆ రెండు గంటలూ అది తన చలితోనే నిలుస్తుంది. బలవంతమేమీ లేదు, ఇష్టమైతేనే. రింకు కమిటీ గొణిగింది. ఆల్ఫే కాగితం పూర్తిగా చదవకుండానే సరేనన్నాడు.

కారణం అఖాతానికి అవతలి గట్టున ఉంది. చేపల ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లు పీతలు ఉడికే ఆవిరి పీల్చి లియోనీ ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఇప్పుడు మంచం పక్కన ఆక్సిజన్ యంత్రం, ముక్కుకు గొట్టం. కిందటి చలికాలం ఒక సాయంత్రం లైను భారం మొయ్యలేక తెగి ఊరంతా చీకటైపోయింది. గడ్డకట్టిన అఖాతం మీద ఆయన పడుతూ లేస్తూ పరుగెత్తి ఆక్సిజన్ సిలిండరు తిప్పేసరికి ఆమె పెదవులు నీలంగా ఉన్నాయి. ఆ రంగు ఆయన కళ్లలోంచి పోలేదు. ఐదయితే నా యంత్రాలు ఆగుతాయి, నీది ఆగదు అని ఆమెకు మాటిచ్చాడు.

ఈరోజు పొద్దున కంపెనీ కబురు రాగానే ఆమే మొదలుపెట్టింది.

"మన ఆడపిల్లలు ఫైనల్‌కి రావడం ఇదే మొదలు. ఈ ఒక్కరోజుకీ ఆపకపోతే ఏం?"

"నోర్మూసుకుని ఊపిరి పీల్చు."

"పీలుస్తున్నా కదా. నువ్వే వినిపించుకోవు," అని నవ్వి, నవ్వినందుకు చాలాసేపు దగ్గింది. ఆయన వీపు రాసి, టోపీ పెట్టుకుని వచ్చేశాడు. పగలంతా కనిపెట్టుకుని ఉండటానికి ఆమె చెల్లెలు ఓడెట్ వచ్చింది.

ఐదుకు పావుగంట ఉందనగా కమిటీ పెద్ద గిల్బర్ వచ్చాడు. ఇద్దరూ ఒకే బల్లమీద చదువుకున్నవాళ్లు.

"ఒరేయ్, నాలుగు వందలమంది జనం. వాళ్ల వేడికే నీ మంచు పులుసైపోతుంది. ఒక్క మెషినైనా ఉంచరా."

"ఉంచను."

"మొండి గాడిదవి."

"చిన్నప్పటి నుంచీ అంటున్నావు. కొత్తదేదైనా చూసుకో."

ఐదింటికి రెండు మీటలూ కిందికి దించాడు. మోత ఆగిపోయి పిల్లల కేరింతలు ఒక్కసారిగా దగ్గరయ్యాయి. గంటలోపే గేటు పక్క మూల మెత్తబడింది. ఆటేమో సమం. పన్నెండేళ్ల పిల్ల ఒకతె అక్కడే కాలు జారి బోర్లాపడి, ముక్కు తుడుచుకుంటూ లేచింది. గిల్బర్ కంచెమీదుగా వంగి ఆ మూలకేసి, తర్వాత గోడ గడియారంకేసి చూశాడు. తిట్టినా బాగుండేది.

ఆల్ఫే వెనక తలుపు తెరిచి నిలబడ్డాడు. రోజూ అలాగే నిలబడతాడు. అక్కడినుంచి అఖాతం మీదుగా తన వంటింటి కిటికీ, అందులో పాతకాలపు బల్బు కనిపిస్తాయి. ఏడాదిగా సాయంత్రమైతే అది సన్నగా వణుకుతుంది. పాపం, లైను ఆయాసపడుతోంది అనుకునేవాడు. లైను మీది భారానికి ఆ వణుకే ఆయన కొలత.

ఈరోజు బల్బు వణకలేదు. నిండుగా, నిలకడగా వెలుగుతోంది.

ఆయనకు ప్రాణం లేచొచ్చింది. లైను తేలిగ్గా ఉంది! ఒక్క యంత్రాన్ని మోయగలదు. లియోనీ అడిగిన ఒక్క కోరికా తీరుతుంది. లోపలికెళ్లి, ఎప్పుడూ లేనిది, ఆరు గంటలకు ఒక మీట పైకెత్తాడు. కాసేపటికి మూల గట్టిపడింది. పిల్లలు దూసుకుపోతుంటే జనం చప్పట్లు కొట్టారు. ఇంటికెళ్లి ఎలా చెప్పాలో, ఆమె ఎలా వెక్కిరిస్తుందో తలుచుకుని తనలో తనే నవ్వుకున్నాడు.

ఆరుంపావుకు వెనక తలుపులోంచి ఓడెట్ వచ్చింది. తలకేమీ లేదు, జుట్టునిండా మంచు.

"బావా."

"ఏమైంది? కరెంటు పోయిందా?"

"కరెంటు ఉంది బావా. అక్క లేదు."

ఆయనకు అర్థం కాలేదు. ఓడెట్ ఆయన మోచెయ్యి పట్టుకుంది.

"ఐదున్నరకి. కోడి పులుసు వేడిచేసి తెస్తానని అటు తిరిగాను, అంతే. నిద్రపోయిందనుకున్నాను. నీకు ఫోన్ చేద్దామంటే వేళ్లు ఆడలేదు."

"యంత్రం?"

"నేనే ఆపేశాను. మనిషి లేకుండా అది ఊపిరి తీస్తుంటే వినలేకపోయాను."

ఆల్ఫే ఆమెను దాటుకుని తలుపు దగ్గరికి వెళ్లాడు. బల్బు అలాగే ఉంది. గుక్క గుక్కకీ ఆ యంత్రం కరెంటు లాగినప్పుడల్లా అది వణికేది. ఏడాదిపాటు ఈ గడప మీద నిలబడి ఆయన చూసింది లైను ఆయాసం కాదు, లియోనీ ఊపిరి. అది ఆగిపోతే చూసి సంతోషించాడు. లోపలికెళ్లి నవ్వుకున్నాడు కూడా.

గడప మీదే కూలబడ్డాడు. కాసేపటికి లేచి, కుంటుకుంటూ యంత్రాల గదిలోకి వెళ్లి మీట కిందికి దించాడు.

"ఇంకెందుకు బావా అది?"

"ఏడు కాలేదు," అన్నాడు. "ఎవరింట్లో ఎవరున్నారో."

లోపల ఎవరో గోలు కొట్టారు, జనం లేచి అరిచారు. ఆయన వెనక్కి చూడలేదు. టోపీ తీసి గుండెకు అదుముకుని, గడ్డకట్టిన అఖాతం మీద నడక మొదలుపెట్టాడు. ఈసారి పరుగెత్తాల్సిన పని లేదు. అవతలి గట్టున వంటింటి కిటికీలో బల్బు కొంచెమైనా వణకకుండా వెలుగుతోంది.