నీతిమంతురాలి అసూయ

“ఒక్క పేజీ చాలు. దుష్టుల్ని చూసి ఎందుకు కుళ్ళుకోకూడదో నాలుగు ముక్కలు రాసిపెట్టు,” అన్నాడు మొగుడు, గది బయట్నుంచే. ఆమె అప్పుడు అత్తగారి వీపు రుద్దుతోంది. ఇంకో చెంబుడు నీళ్ళు పోసింది.

ప్రతి ఆదివారం ఆయన ప్రార్థన మందిరంలో కీర్తనల మీద మాట్లాడతాడు. అందరూ మెచ్చుకునే ఆ మాటలు పన్నెండేళ్ళుగా రాస్తున్నది ఆమే. ఆయన ముందు ఒకసారి చూసుకోనైనా చూసుకోడు. మడిచిన కాగితం బైబిల్లో పెట్టుకెళ్ళి, అందరి ముందూ నిలబడ్డాకే విప్పుతాడు. అలాగైతే మాట తాజాగా వస్తుందిట!

మధ్యాహ్నం కలం పట్టుకుని కూర్చుంది. నీతిమంతుడు నీటి పక్కన చెట్టు, దుష్టుడు గాలికెగిరే పొట్టు. రాసి రాసి చేతికి అలవాటైన మాటలే. కానీ దుష్టులు అనగానే ఆమె కళ్ళ ముందుకి తోడికోడలే వచ్చి కూర్చుంటుంది. ఇంట్లో ఆ మహాతల్లికి పెట్టిన పేరే దుష్టురాలు. అత్తగారు మంచం పట్టిన వారానికే, “మీ అమ్మకి స్నానం మీరు చేయించండి, నాకు ఆఫీసుంది,” అని మరిదికి తెగేసి చెప్పి, వేరు కాపురం పెట్టించింది. “పెద్దకోడలు నీతిమంతురాలు, దేవుడు చూస్తూనే ఉంటాడు,” అని మామగారు పోయేదాకా అంటూనే ఉన్నాడు. దేవుడు చూస్తున్నాడు, సరే. బకెట్ అందుకునే మనిషి మాత్రం లేడు.

ఓపిక పట్టి దుష్టుల అంతం చూడమంటారు. పన్నెండేళ్ళుగా చూస్తూనే ఉంది. ఏదీ? చిన్నకోడలికి నడుంనొప్పి రాలేదు, జుట్టు ఊడలేదు, ప్రమోషన్ మాత్రం రెండుసార్లు వచ్చింది. పోయిన వారం వచ్చి అరగంట కూర్చుంటే అత్తగారి మొహం చాటంతయింది. “నా తల్లి ఎంత చిక్కిపోయిందో,” అంటూ దాని చెయ్యి వదల్లేదు ముసలావిడ. ఆ మాట ఆమె వంటింట్లో కప్పులు కడుగుతూ వింది. తన చెయ్యి రోజూ ఆ ఒంటిమీదే ఉంటుంది, ఆవిడ ఒక్కరోజైనా ఆ చెయ్యి పట్టుకున్న పాపాన పోలేదు. అసూయే. పచ్చి అసూయ. దాని నిద్ర మీద, దాని నవ్వు మీద, ఆ అరగంట మీద.

వెళ్తూ గుమ్మంలో చిన్నకోడలు, “అక్కా, ఆరోజు నువ్వూ కాదని ఉంటే అన్నదమ్ములిద్దరూ ఏదో ఒకటి చూసుకునేవాళ్ళు గదా,” అంది. ఎంత పొగరు! మూడు రోజులు తిట్టుకుంది. నాలుగో రోజు తెలిసింది, ఆ మాట ఇన్నేళ్ళలో తనకి తట్టనందుకే అంత మంట అని.

చెట్టునీ పొట్టునీ కొట్టేసి, వేరే కాగితం తీసుకుంది. రెండువైపులా నిండేదాకా రాసింది.

ఆదివారం పొద్దున ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తుంటే, బల్లమీద బైబిల్లోంచి ఆ కాగితం అంచు కనబడుతూనే ఉంది. తీసేసి మామూలు మాటలు నాలుగు రాసి పెట్టడానికి గంట టైముంది. ఆమె కాలర్ ఇంకోసారి ఇస్త్రీ చేసింది.

“నాకు దుష్టులంటే అసూయ,” అని గంభీరంగా మొదలెట్టాడాయన. కునికిపాట్లు పడుతున్నవాళ్ళు కూడా తలెత్తారు. “వాళ్ళు హాయిగా నిద్రపోతారు. వాళ్ళకి కాదనడం తెలుసు. నేను మాత్రం పన్నెండేళ్ళుగా రోజూ మా అత్తగారికి స్నానం చేయిస్తూ…”

వెనక బల్లమీద ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన కంగారుగా కాగితం తిరగేసి, రెండు లైన్లు చూసి, టక్కున మడవబోయాడు. ఈలోగా ఆడవాళ్ళ వరసలోంచి ఆమె లేచి ముందుకి నడిచింది. చెయ్యి చాపింది.

“ఇలా ఇవ్వండి. రేపట్నుంచి అత్తయ్యకి స్నానం మీరు చేయించాలని రాసింది అటుపక్కనే. అది నేను చదువుతాను.”