టిప్పర్ వెనక కుర్మయ్య

టిప్పర్ వెనక్కి వస్తూనే ఉంది, ఎంతకీ చేరదు, దాని వెనక నా పెనిమిటి కుర్మయ్య నిలబడి అరచేత్తో ఇనుప తలుపును కొడుతున్నాడు, పోయిన ఎండాకాలం ఆ చక్రాల కిందనే పోయిన మనిషి, ఒంటి మీద నారింజ జాకెట్టు మడత కూడా నలగలేదు. దారి మేము తారు పరుస్తున్న మక్తల్ దారిలాగే ఉంది, కాస్త నడిస్తే మా పెళ్లి పందిరి వేసిన వాకిలవుతోంది, మళ్లీ చూస్తే దారే. వేడి తారులో నా పాదాలు దిగబడుతున్నా కాలడం లేదు. అన్నిటికంటే భయమేమిటంటే, ఇంజను వణుకుతోంది, ఆయన చెయ్యి తలుపుకు తగులుతోంది, చప్పుడు మాత్రం లేదు.

"ఏమయ్యా, ఇంకా ఈడనే ఉన్నవా?" అంటాను. చచ్చినవాడితో మొదటి మాటే దెప్పుడు, నా నోరే అంత.

ఆయన నా వైపు తిరగడు. కాళ్లు లాగుతున్నాయని, నీళ్లు తాగి ఎన్నాళ్లయిందో గుర్తు లేదని, తన బదులు నిలబడి తనను దించేవాళ్లు వచ్చేదాకా ఈ చోటు వదలకూడదని చెబుతాడు. దారి మీద పోయినవాడు ఆ చోటికే కాపలా ఉంటాడని మా ముఠాలో పెద్దలు అంటే నేను నవ్వేదాన్ని. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

"ఇయ్యాల మణెమ్మ వస్తదట గద," అంటాడు, సంబరంగా. "బిడ్డ నిలబడితే నేను దిగిపోత."

నా పైప్రాణాలు పైనే పోతాయి. పోయినవాడి పని ఆ ఇంటిదే, పరాయివాళ్లకు పోకూడదని మా ముఠా ఆచారం. మేస్త్రీ మా పెద్దబావే. తమ్ముడి చోటు తమ్ముడి కూతురికే అంటూ బండ్లను వెనక్కి రప్పించే జెండాను పొద్దున దాని చేతిలో పెట్టాడు, రాజ్యం అప్పగించినట్టు. నేను వద్దని మొత్తుకుంటే ఎవరు విన్నారు? నిన్ననే శిక్షణ ఇవ్వడానికి వచ్చిన సేఫ్టీ సారు ఒక్కొక్కరినీ నిలబెట్టి మరీ చూపించాడు, బండి వెనక ఉండొద్దు, పక్కకు జరిగి అద్దంలో డ్రైవర్ మొహం కనబడే చోట నిలబడండి, మీకు అతను కనబడకపోతే అతనికి మీరూ కనబడరు అని. అందరూ తలలూపారు. మణెమ్మ మాత్రం మా నాయిన తలుపు కొట్టే ఆపేటోడని గొప్పగా చెప్పుకుంది. తారు మిషను రొదలో చేతి దెబ్బ చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే, ఆయన పోయిందీ అందుకే, అయినా ఆ పిచ్చిదానికి నాయిన పద్ధతే వేదం.

"అది నీ బిడ్డయ్యా," అంటాను. "దాన్ని నిలబెట్టి నువ్వు దిగుతవా?"

"మరి నేనెన్నొద్దులు నిలబడాలె?" అంటాడు. కోపం లేదు, అన్నం ఇంకా ఉడకలేదా అని అడిగినట్టే ఉంది.

టిప్పర్ గుడ్డెద్దులా మా మీదికి వస్తోంది, నేను ఆయన మణికట్టు పట్టి గుంజుతాను, తిడుతూ ఏడుస్తూ గుంజుతాను, తారులో పాతుకుపోయిన కాళ్లు ఒక్కొక్కటే ఊడివస్తాయి. "నిన్ను దించేటోళ్లు లేరు, నీ తర్వాత నిలబడేటోళ్లు లేరు. అది మనిషి నిలబడే చోటే కాదు. ఇటు రా, అద్దంల మొహం కనబడేదాకా రా."

అద్దంలో డ్రైవర్ మొహం కనబడుతుంది. అతను మమ్మల్ని చూస్తాడు. టిప్పర్ ఆగిపోతుంది.

కుర్మయ్య తను నిలబడ్డ చోటునూ, ఇప్పుడున్న చోటునూ మార్చి మార్చి చూస్తాడు. "ఇంతేనా?" అంటాడు. "ఇంత దూరమేనా?"

"ఇంతేనయ్యా," అని వెక్కివెక్కి ఏడుస్తాను.

అంతలోనే ఆయన చెయ్యి విడిపించుకుని, మళ్లీ ఆ చోటికే ఉరుకుతాడు. ఏడికి పోతున్నవని అరుస్తాను. "బిడ్డొచ్చింది," అంటాడు.

చప్పుడంతా ఒక్కసారిగా చెవుల్లో పడింది. అన్నం తిని డేరాలో అలా ఒరిగినదాన్ని, లేచి చూస్తే కంకర తెచ్చిన టిప్పర్ వెనక్కి పోతోంది, దాని వెనక ఎవరూ కనబడటం లేదు. చెప్పులు కూడా లేకుండా పరుగెత్తాను. నేను చేరేసరికి బండి ఆగి ఉంది. మణెమ్మ డ్రైవర్ వైపు, అద్దానికి ఎదురుగా నిలబడి మణికట్టు రుద్దుకుంటోంది.

"చెబితే నేనే జరుగుదును గద అమ్మా," అంది నన్ను చూసి. "అంత గట్టిగ గుంజాల్నా?"

నాకు రొప్పు ఆగలేదు. దాని మణికట్టు చుట్టూ నల్లగా తారు వేళ్ల ముద్రలు ఉన్నాయి. నా చేతులకు అన్నం వాసన తప్ప ఏమీ లేదు.

"అవునే, నేనే గుంజిన," అన్నాను. "ఇగ ఈడనే నిలబడు."

ముద్రలు తుడుద్దామని కిరసనాయిలు గుడ్డ తెచ్చాను గానీ, చెయ్యి రాలేదు.