కాళ్ళ మీద చిలుక

కృపావతి చాచిన కాళ్ళ మీద పిల్లవాడు బోర్లా పడుకుని ఉన్నాడు. ఆమె చెంబుతో వేడినీళ్ళు ముంచి, ముందు తన మోచేతి మీద ఒంపుకుని చూసి, తర్వాత వాడి వీపు మీద సన్నటి ధారగా వదిలింది. ధార వెంటే కుడిచేయి జారుతూ పోయింది. మెడ, భుజాలు, వెన్ను, పిర్రలు, మడమలు. పిల్లవాడు గుక్కపెట్టి ఏడుస్తున్నాడు. ఆ ఏడుపు ఆమెకు పనిలో భాగమే. అది ఎక్కడ పెరుగుతుందో, ఎక్కడ అలసి తగ్గుతుందో, ఎప్పుడు నిద్రలోకి జారుతుందో ఆమెకు తెలుసు. ఏడుపు వినిపిస్తున్నంతసేపూ భయం లేదు.

వాడిని వెల్లకిలా తిప్పి, బొటనవేలితో చూపుడువేలితో ముక్కును పైనుంచి కిందికి సవరించింది.

"అవ్వా, ముక్కు లాగొద్దు. డాక్టరు వద్దన్న్యాడు." పెరటి గడపలో నిలబడి ఉంది నాగజ్యోతి. బాలింత. చెవులకు గుడ్డ కట్టుకుంది.

"లాగకుంటే చప్పిడి ముక్కోడయితాడు తల్లీ. రేపు వచ్చే పెండ్లాం నిన్ను తిడతాది, నన్ను గాదు."

"తిడితే తిట్టనీ లే."

కృపావతి నవ్వింది. నాగజ్యోతి నవ్వలేదు.

కృపావతికి అరవై దాటాయి. ఒళ్ళంతా ఎండిపోయింది గాని అరచేతులు మాత్రం మెత్తగా ఉంటాయి. గోళ్ళు మొదళ్ళ దాకా కత్తిరించుకుంటుంది. పసివాళ్ళ చర్మానికి గీసుకుంటాయని పెళ్ళయిన కొత్తలోనే అత్త ఆమె గాజులు తీయించేసింది. ఏళ్ళ తరబడి ఆముదం, సున్నిపిండి ఒరుసుకుని మోకాళ్ళ కింది చర్మం తోమిన ఇత్తడి గిన్నెలా నున్నబడింది. చీర కుచ్చిళ్ళు పైకి దోపి పీట మీద కూర్చుంటే, ఎవరి ఇంట్లోనైనా ఆమె మొదట కనిపించేది ఆ కాళ్ళతోనే.

ఆ పని అత్త నేర్పింది. భర్త బాలస్వామి నంద్యాలలో బియ్యం మిల్లులో మూటలు మోసేవాడు. తవుడు దుమ్ము రొమ్ములో చేరి దగ్గి దగ్గి పోయాడు. అతను పోయిన వారంలోనే ఆమె మళ్ళీ వేరొకరి పెరట్లో కాళ్ళు చాచి కూర్చుంది. అప్పట్లో తెల్లవారితే చాలు, కోమట్ల వీధిలో ఒక ఇంటినుంచి ఇంకో ఇంటికి పోవడమే. చర్చికి వచ్చే ఇళ్ళలో పుట్టిన పిల్లలందరికీ ఆమే నీళ్ళు పోసేది. ఆదివారం వెనక చాపమీద కూర్చుని, పాటలు పాడే పడుచుపిల్లల తలలు వెనకనుంచి చూసుకునేది. ఈ గుండ్రటి తల తన చేతిది. ఆ పక్కనున్న చదును తల ఆస్పత్రిది. పాదిరిగారు ఏం చెప్పారో ఇంటికి పోయాక గుర్తుండేది కాదు, తలలు మాత్రం గుర్తుండేవి.

తర్వాత ఒక్కొక్క ఇల్లే తగ్గింది. ప్లాస్టిక్ తొట్లు వచ్చాయి. నూనె రుద్దొద్దు, పొగ వేయొద్దు, పాలు తప్ప నోట్లో ఏమీ పోయొద్దు అని డాక్టర్లు చెప్పి పంపుతున్నారు. సొంత కొడుకు రూబెన్‌కు పిల్ల పుట్టినప్పుడు కోడలు దీవెన, తను నర్సు, "నువ్వు ఎత్తుకో అత్తా, నీళ్ళు నేను పోసుకుంటా" అంది. మర్యాదగానే అంది. కృపావతి ఎత్తుకుంది.

ఇప్పుడు మిగిలింది ఈ ఒక్క ఇల్లే, అదీ ఆళ్ళగడ్డలో. కిరాణా కొట్టు మాధవయ్య భార్య అన్నపూర్ణ పుట్టిల్లు నంద్యాల. ఆమె పిల్లలు శరత్, నాగజ్యోతి ఇద్దరూ ఈ కాళ్ళ మీద ఏడ్చినవాళ్ళే. అందుకే కూతురికి కాన్పు కాగానే అన్నపూర్ణ కబురు చేసింది. కృపావతి రోజూ తెల్లవారి బస్సెక్కి వస్తోంది.

అయితే నిన్న పెరట్లో చెంబులు కడుగుతుంటే వంటింట్లో మాటలు వినిపించాయి. "సోమవారం నుంచి నేనే పోసుకుంటానమ్మా. ఆ యవ్వను చాలనుకోమను." అది నాగజ్యోతి గొంతు. "చూద్దాం లే. ఇన్నేండ్ల మనిషి," అని అన్నపూర్ణ అంది. కృపావతి ఆ చూద్దాం అన్న మాటనే పట్టుకుని నంద్యాలకు పోయి, దాన్నే పట్టుకుని ఈ పొద్దు తిరిగొచ్చింది.

పిల్లవాడికి సాంబ్రాణి పొగ పట్టి, గుడ్డలో బిగించి చుట్టి, ఉయ్యాలలో వేసింది. వేయకముందే వాడు నిద్రపోయాడు. తడిచేతులు కొంగుకు తుడుచుకుంటుంటే అన్నపూర్ణ పంజరం తెచ్చి ఆమె ముందు పెట్టింది.

"కృపమ్మా, దీన్ని రవ్వంత చూడు."

అది మాధవయ్య చిలుక. చెట్టు తొర్రలోంచి ఈకలు రాకముందే కిందపడితే తెచ్చి, పప్పు మెదిపి వేలితో తినిపించి పెంచుకున్నాడు. పేరు పచ్చోడు. కొట్లో కాటా పక్కన కూర్చుని, వచ్చినవాళ్ళందరితో "చిల్లర ల్యా! రేపు రా!" అని అరిచేది. ఆ మాట వినడానికే కొందరు అగ్గిపెట్టె కొనే నెపంతో వచ్చేవాళ్ళు. రెండు మూడు రోజులుగా దాని నోట మాట లేదు. ఈకలు ఉబ్బించుకుని, మెడ లోపలికి లాక్కుని, ఒక మూల కొయ్యకు అతుక్కుని కూర్చుంది. కింద పరిచిన కాగితం మీద నీళ్ళ రెట్ట. పక్కన ముట్టని జామముక్క.

"మందు తెచ్చినాం, తాగితే గద! నీళ్ళల్లో కలిపితే ముట్టల్యా. పండులో పెడితే ఇసిరికొట్టె. చుక్కలేసే గొట్టాన్ని కొరికి రెండు చేసె. మా వాని వేలు చూడు."

శరత్ గుడ్డ కట్టిన వేలు చూపించాడు.

"పశువులాస్పత్రికి పోకూడదా నాయనా?" అంది కృపావతి.

"యాడికి పోయేది అవ్వా? రామచిలుకను పెంచకూడదంట. చూస్తే కేసు రాస్తారంట. నంద్యాలలో మందులషాపుకు పోయి, మా కోడికి బాగలేదని చెప్పి తెచ్చినా."

"కోడికా! వాడేమన్న్యాడు?"

"ఎన్ని కోళ్ళని అడిగినాడు. ఒకటే అంటే, కోసుకుని తినండప్పా అన్న్యాడు."

అందరూ నవ్వారు. గడపలో నాగజ్యోతి పెదవులు కూడా కదిలాయి. కొట్లోంచి వచ్చిన మాధవయ్య మాత్రం నవ్వలేదు. పంజరం పక్కన గొంతుక్కూర్చుని, "ఏందిరా పచ్చోడా, ఏందీ?" అన్నాడు. చిలుక కన్ను తెరిచి, సగానికి మూసింది.

"నీ చేతిలో తాగనోడు యాడుండాడు కృపమ్మా. నువ్వు పొయ్యి," అంది అన్నపూర్ణ.

"పక్షిని నేనెప్పుడూ పట్టలేదమ్మా."

"పిల్లోడు మాత్రం పక్షి గాదా?"

కృపావతి గడప వైపు చూసింది. నాగజ్యోతి గోడకు ఆనుకుని చూస్తోంది. ఇది తాగితే, ఆ పిల్ల కళ్ళముందే తాగితే, సోమవారం సంగతి ఇంకోలా ఉండవచ్చు. ఆ ఆలోచన పూర్తికాకముందే ఆమె చేయి పాత గుడ్డ కోసం సాగింది.

మాధవయ్య పంజరంలో చేయి పెట్టి చిలుకను తీసి ఇచ్చాడు. అతన్ని అది కొరకలేదు. కృపావతి దాన్ని గుడ్డలో చుట్టింది, రెక్కలు లోపలికి, కాళ్ళు కిందికి, కొస మడిచి బిగించి. చంటివాడిని చుట్టినట్టే చుట్టింది. పీట మీద కూర్చుని కాళ్ళు చాపి, వెల్లకిలా పడుకోబెట్టింది. ఇంత తేలిక ఒళ్ళు ఆ కాళ్ళ మీద ఎన్నడూ పడలేదు. గుడ్డలోంచి దాని గుండె ఆమె చర్మానికి తెలుస్తోంది. ఒకటి, రెండు అని లెక్కపెట్టడానికి వీల్లేనంత వేగంగా కొట్టుకుంటోంది.

అన్నపూర్ణ అటక మీదినుంచి పాత ఉగ్గుగిన్నె తీసి కడిగి, మందు పోసి ఇచ్చింది. ఎర్రటి మందు, చేదు వాసన. కృపావతి ఎడమచేతి వేళ్ళతో తల పట్టుకుని, బొటనవేలు ముక్కు మీద ఆనించింది. పసివాళ్ళకు ముక్కు మూస్తే నోరు తెరుస్తారు, నోరు తెరిస్తే మింగుతారు. చిలుక ముక్కు తెరుచుకుంది. నల్లటి మందపాటి నాలుక కనిపించింది. గిన్నె మూతి ఆనించి కొంచెం ఒంపింది.

"మింగు నాయనా, మింగు. అయిపాయ."

గొంతు కదిలింది. మింగింది.

"చూసినావా!" అన్నపూర్ణ చప్పట్లు కొట్టినంత పనిచేసింది. శరత్, "అవ్వా, నిన్ను జూకు పంపాల," అన్నాడు. మాధవయ్య మొహంలోకి ఎన్నాళ్ళకో నెత్తురొచ్చింది. గిన్నెలో ఇంకా సగం ఉంది.

"చాలేమో లేమ్మా," అన్నాడతను.

"ఉన్నింది పొయ్యనీ. మళ్ళ మళ్ళ పట్టుకుంటే బెదురుతాది," అంది కృపావతి. ఆ మాట అంటూ ఆమె చూసింది నాగజ్యోతినే.

ఈసారి గిన్నె ఇంకొంచెం ఎత్తింది. మందు ఒక్కసారిగా గొంతులోకి పోయింది. చిలుక తల విదిల్చింది. పొలమారింది. ముక్కు పైనున్న రెండు చిన్న రంధ్రాల్లోంచి ఎర్రటి బుడగలు వచ్చాయి. కృపావతి గాభరా పడలేదు. పొలమారితే ఏంచేయాలో ఆ చేతులకు తెలుసు. గభాలున తిప్పి, బోర్లా పట్టుకుని, వీపు మీద వేళ్ళతో మెల్లగా తట్టింది. తర్వాత ఆగింది. పసివాళ్ళు పొలమారాక దగ్గుతారు, దగ్గాక ఏడుస్తారు. ఏడుపు వచ్చిందంటే గండం గడిచినట్టే. ఆమె ఏడుపు కోసం ఆగింది.

గుడ్డలోంచి టిక్కుమని ఒక చప్పుడు వచ్చింది. మరొకటి వచ్చింది. ఆమె కాళ్ళకు తెలుస్తున్న ఆ గుండె వేగం ఎక్కడ తగ్గిందో, ఎక్కడ ఆగిందో తెలియలేదు. తల ఆమె చూపుడువేలి మీదినుంచి పక్కకు వాలింది.

"నిద్రపోయిందా?" అంది అన్నపూర్ణ.

మాధవయ్య వంగి, గుడ్డతో సహా దాన్ని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. విప్పి చూశాడు. రెక్కలు చక్కగా మడిచినవి మడిచినట్టే ఉన్నాయి. తిట్టలేదు, అరవలేదు. "అది ఎట్లయినా పోయేదే లే," అన్నాడు ఎవరితోనో, లోపలికి పోతూ.

"మేమే గదమ్మా పొయ్యమన్నింది. నువ్వేం మనసులో పెట్టుకోవద్దు," అంది అన్నపూర్ణ.

కృపావతి కాళ్ళు చాపినవి చాపినట్టే ఉన్నాయి.

శరత్ ఫోనులో వెతికి, చదివి, తలెత్తకుండా చెప్పాడు. "పండబెట్టి పొయ్యకూడదంట. నిలబెట్టి, ముక్కు పక్కనుంచి ఒక్కొక్క చుక్కే వెయ్యాలంట. పండబెడితే ఊపిరితిత్తుల్లోకి పోతాదంట."

"పిల్లోళ్ళకు గూడా అదే గదా డాక్టరు చెప్పింది," అంది నాగజ్యోతి. గొంతు పెంచలేదు. గడప దిగి పెరట్లోకి వచ్చింది. కాన్పయ్యాక మొదటిసారి. "అవ్వా, మొన్న మావోనికి వాము నీళ్ళు పోస్తే పొలమారింది. వీపు తట్టినావు. ఇట్లనే."

"పొలమారింది తల్లీ. మళ్ళ ఏడ్చినాడు గద."

"ఏడ్చినాడు."

ఏడవకుంటే అని ఆ పిల్ల అడగలేదు. అడిగితే కృపావతి ఏదో ఒకటి చెప్పేదే. ఉయ్యాలలో పిల్లవాడు మేలుకుని కూతపెట్టాడు. కృపావతి లేవబోయింది, అలవాటుగా. ఆమె చేయి నేల మీద ఆనేలోపే నాగజ్యోతి లోపలికి పోయి వాడిని ఎత్తుకుంది. వాడి తల తన భుజానికి అదుముకుని, రెండో చేయి ఆ తల మీద కప్పింది. అలా కప్పి, వెనక్కి తిరిగి చూసింది. ఆ చూపులో కోపం లేదు. భయం ఉంది.

సోమవారం మాట ఎవరూ ఎత్తలేదు. కృపావతి చెంబులు కడిగి బోర్లించింది, పీట గోడకు చేర్చింది, కాళ్ళు కడుక్కుంది. అన్నపూర్ణ గిన్నెలో అన్నం పెట్టి ఇస్తే, ఆకలి లేదమ్మా అంది. పెరటి మూల నిమ్మచెట్టు కింద శరత్ గడ్డపారతో చిన్న గుంత తవ్వుతున్నాడు. అతని పక్కనుంచే ఆమె సందులోకి నడిచింది. "పోయొస్తా" అనలేదు.

మధ్యాహ్నపు నంద్యాల బస్సు దాదాపు నిండింది. నడిమి వరసలో ఒక పడుచుపిల్ల కిటికీ పక్కన కూర్చుని, చంటిబిడ్డతో, సంచితో సతమతమవుతోంది. పక్క సీటు ఖాళీగా ఉంటే కృపావతి కూర్చుంది. బిడ్డ తల మీద ఊలు టోపీ, పసుపురంగుది, గడ్డం కింద దారం సరిగా ముడిపడలేదు. కండక్టరు వచ్చి ఉచిత టికెట్టుకు ఆధార్ కార్డు చూపించమన్నాడు. ఆ పిల్ల సంచిలో ఒక చేత్తో వెతికింది, దొరకలేదు.

"అవ్వా, రవ్వంత ఎత్తుకోవా. కార్డు యాడ పెట్టినానో."

బిడ్డను అప్పటికే ఆమె వైపు సగం చాచింది. కృపావతి చేతులు ఒళ్ళోంచి లేచాయి. బిడ్డ మడమ ఆమె వేలికి తగిలింది. వెచ్చగా ఉంది. ఆమె చేతులు వెనక్కి తీసుకుని కొంగు కింద పెట్టుకుంది.

"నా చేతులు బాగలేవమ్మా," అంది.

ఆ పిల్ల వింతగా చూసి, బిడ్డను ముందు సీటులోని ఆవిడకు అందించింది. ఆవిడ ఎత్తుకోవడం తెలియనట్టు ఎత్తుకుంది. తల వెనక్కి వాలిపోతోంది. కృపావతి చూసింది, చూసి కిటికీ వైపు తల తిప్పుకుంది. బయట కోసిన జొన్నచేలు, దుమ్ము.

శిరివెళ్ళలో ఆ పిల్ల దిగిపోయింది. సంచి, బిడ్డ, జారిపోతున్న కొంగు అన్నీ ఒక్కసారే పట్టుకుని, తోసుకుంటూ దిగి, జనంలో కలిసిపోయింది. బస్సు కదిలాక కృపావతి పక్కకు చూసింది. పిలవడానికి అప్పటికే ఆలస్యమైంది. చేయి చాచితే అందే దూరమే. చేతులు కొంగు కిందే ఉన్నాయి.

కిటికీ పక్క సీటులో పసుపురంగు ఊలు టోపీ, లోపల ఇంకా తల ఉన్నట్టే గుండ్రంగా నిలిచి, బస్సు కుదుపులకు అటూ ఇటూ మెల్లగా ఊగుతోంది.