ముందు పైది

చెన్నరాయప్ప వీపు కింద రెండో దిండు దూర్చి, ముఖం అంగడి వైపు తిరిగేలా సర్ది, హేమావతి రెండడుగులు వెనక్కి వేసి చూసింది. మంచం మీద నుంచి అతనికి సైకిళ్లు నిలబెట్టే ఇనుప స్టాండు కనబడాలి. దిండు వేలెడు పక్కకు జరిగినా గోడ తప్ప ఇంకేమీ కనబడదు.

"కనబడతాండాదా?"

"ఊఁ" అన్నాడు. అప్పుడు వెళ్లి షట్టరు ఎత్తింది.

చింతామణిలో బాగేపల్లి రోడ్డు మీదున్న ఆ సైకిలు అంగడిని చెన్నరాయప్ప ముప్పై ఏళ్లు నడిపాడు. నాలుగేళ్ల కిందట పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది, దాంతోపాటు మాట కూడా పోయింది. "ఊఁ", "ఆగు", మరో మూడు నాలుగు పొట్టి మాటలు మిగిలాయి. అంగడి మూసేయమని గౌరిబిదనూరులో ఉండే కూతురు నేత్ర చెప్పింది. అతని భార్య హేమావతి అప్పటిదాకా పంక్చరు కూడా వేసి ఎరగదు. అయినా వెనక గదిలో మంచాన్ని గుమ్మానికి ఎదురుగా వేయించింది. మొదటిరోజు ఒక చక్రం విప్పి ముందు పెట్టుకుని, "ఇప్పుడేం చెయ్యాల?" అని అతన్ని అడిగింది. రెండేళ్లకల్లా పని మొత్తం చేతికి వచ్చేసింది, కానీ అడగడం మాత్రం మానలేదు. ఇప్పుడామెకు యాభై రెండేళ్లు. కుడి బొటనవేలు కాయ కాచింది, గోళ్ల అంచుల్లో గ్రీజు నల్లగా ఇంకిపోయింది.

పది గంటలకు వినుత వచ్చింది. బట్లహళ్ళి రైతు కూతురు, సన్నగా చిన్నగా ఉంటుంది. ఆమె తొక్కే రేసు సైకిలు బెంగళూరులో ఎవరో పొడగరి వాడి అమ్మేసినది.

"హ్యాండిలు శానా దూరముండాదమ్మా. గంట తొక్కితే మెడ పట్టేస్తాది, చేతులు తిమ్మిరెక్కుతాయి. రేపు పొద్దున చిక్కబళ్ళాపురంలో రేసు సెలెక్షన్. ఇది వేసిస్తారా?"

సంచిలోంచి కొత్త స్టెమ్ము తీసింది. సైకిలు మెడకూ హ్యాండిలుకూ మధ్య ఉండే పొట్టి లోహపు ముక్క అది. సైకిలుకున్నది నూటపది మిల్లీమీటర్లు, కొత్తది ఎనభై. హేమావతి రెండింటి కంతలూ కొలిచి, సరిపోయాక గది వైపు తిరిగింది.

"ఏమయ్యా, స్టెమ్ము మార్చాల. ఫోర్కు గొట్టం కార్బన్‌ది."

కాసేపు పెదవులు కదిలాక "మెల్లగా" అన్న మాట వచ్చింది.

"విన్యావా పాపా? ఇనుమైతే ఎక్కువ బిగించినా దిగుల్లేదు. ఇది లోపల పగులుతాది, పైకి కనబడదు. యాడో దిగుడులో హ్యాండిలు చేతికి ఊడొస్తాది."

ఎదుటి నాలుగు బోల్టులు విప్పి హ్యాండిలును వదులు చేసింది. బ్రేకు తీగలు లాగకుండా దాన్ని గుడ్డతో స్టాండుకు కట్టింది. మెడ మీది పైమూత తీసి, పక్క బోల్టులు రెండూ సడలించి, ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు జారిపడకుండా ఎడమచేత్తో పట్టుకుని పాత స్టెమ్మును పైకి లాగింది. గొట్టాన్ని గుడ్డతో తుడిచి, వెలుతురులో తిప్పి చూసింది. గీత లేదు, పగులు లేదు. కింద ఉన్న రింగులు ఉన్నట్టే ఉంచి, కొత్త స్టెమ్ము దించి హ్యాండిలు తగిలించింది.

తర్వాత గొంతు పెంచి అడిగింది. "ముందు పక్క బోల్టులు బిగించేస్తానయ్యా. సరేనా?"

"ఆగు" అన్నాడు చెన్నరాయప్ప. ఊపిరి కూడదీసుకున్నాడు. "ముందు... పైది."

"అవునవును, మర్చేపోయినా" అంది హేమావతి. వంగి పైమూత పెట్టి, దాని బోల్టును మెడ ఊగులాట పోయేంతవరకే తిప్పింది. పక్కవి ముందే బిగిస్తే ఆ ఊగులాట పోదు.

వినుత గొంతు తగ్గించి, "మీకు తెలుసు కదమ్మా?" అంది.

"తెలుసు" అంది హేమావతి, ఇంకా గొంతు తగ్గించి. "దినానికి ఒకసారన్నా నన్ను దిద్దకుంటే ఆయప్పకు అన్నం దిగదు."

ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య పట్టుకుని, హ్యాండిలు దానికి సూటిగా వచ్చేదాకా సర్దింది. పెట్టిన బిగువు రాగానే టక్కుమనే రెంచీ తీసి, ఎంతకు పెట్టాలో స్టెమ్ము మీద రాసిన అంకె చూసింది.

"పక్కవి అయిదు పెడతాండా. అయిదేనా?"

రెంచీ బోల్టుకు తగిలించి, గది వైపు చెవి పెట్టింది.

"ఏమయ్యా, అయిదేనా?"

తొంగి చూసింది. కళ్లు మూసుకుని ఉన్నాడు. ఈ వేళకు కునుకు పట్టడం అలవాటే. మామూలుగా అతను లేచేదాకా ఆగేది, కానీ ఇప్పుడు పిల్ల నిలబడి ఉంది; లేపబుద్ధీ కాలేదు. రెంచీ పట్టుకుని ఒక్క క్షణం అలాగే ఉండిపోయింది. నాలుగేళ్లలో అతని "ఊఁ" వినకుండా ఆమె ఒక్క బోల్టూ బిగించలేదు. రేపు ఈ పిల్ల ప్రాణం దీని మీద ఆధారపడి ఉంటుంది. రెండు పక్కలా మార్చి మార్చి, కొంచెం కొంచెంగా బిగించింది. రెంచీ టక్కుమనగానే చెయ్యి తీసింది. ఎదుటి నాలుగింటినీ ఎదురెదురుగా, సందు అన్నిచోట్లా సమంగా ఉండేలా బిగించింది. ముందు బ్రేకు పట్టి సైకిలును ముందుకూ వెనక్కూ ఊపి చూసింది. ఎక్కడా ఊగలేదు.

"తొక్కి రా. ఇప్పుడు హ్యాండిలు చురుగ్గా తిరుగుతాది, మలుపుల్లో పైలం."

వినుత రోడ్డు చివరిదాకా వెళ్లి వచ్చింది. భుజాలు దిగి, మోచేతులు వంగి, ఇప్పుడు సైకిలు ఆమె కోసమే చేసినట్టు కుదిరింది. "నాదే అనిపిస్తాండాదమ్మా. లోపల అప్పకు చెప్పండి" అని వెళ్లిపోయింది.

హేమావతి చేతులు తుడుచుకుని లోపలికి వెళ్లింది.

"అయిదే పెట్టినానయ్యా. పాపకు బాగా కుదిరింది."

దిండు సర్దబోయి చెంప తాకింది. చెంప చల్లబడింది. నోటి దగ్గర చెయ్యి పెట్టింది. చాలాసేపు అలాగే పెట్టి ఉంచింది. తర్వాత మంచం అంచున కూర్చుని, అతని ఎడమచేతిని ఒళ్లో పెట్టుకుంది. ఏడుపు రాలేదు. ఎదురుగా గుమ్మంలోంచి ఖాళీ స్టాండు కనబడుతోంది. ఇక్కడి నుంచి అది ఇంత బాగా కనబడుతుందని ఆమెకు ఇప్పుడే తెలిసింది.

పక్క టీ అంగడి వెంకటేశప్ప వచ్చి షట్టరు సగం దించాడు. మూడు గంటలకు నేత్ర వచ్చి తల్లిని పట్టుకుని ఏడ్చింది.

"ఎప్పుడు పొయినాడమ్మా?"

"తెలీలేదే" అంది హేమావతి. "పై బోల్టు దగ్గర ఉన్నాడు. ముందు అదే బిగించమన్నాడు. పక్కవాటికి పోయేసరికి..." అంతవరకే చెప్పి కొంగు నోట్లో కుక్కుకుంది. అప్పుడు వచ్చింది ఏడుపు.

పొద్దు వాలేలోపు అతన్ని తీసుకుపోయారు. ఆడవాళ్లు గది కడిగి, మంచం ఎత్తి గోడకు ఆనించారు. పెరట్లో తీగ మీద, పొద్దున ఉతికి ఆరేసిన నీలం చొక్కా ఒక్కటి మిగిలింది. పడిపోయిన చెయ్యి సులువుగా దూరాలని చొక్కా కుడిచేతి గుడ్డను పొడవునా కత్తిరించి, హేమావతి తన పాత చీర అంచుతో దానికి కుట్టిన నాడాలు విడివిడిగా వేలాడుతున్నాయి.