కింది ఎనిమిది వరుసలు

నాలుగో వరుస సగానికి వచ్చేసరికి లెయోన్స్ నడుము మొరాయించింది. ఒక మోకాలు నేలకానించి, ద్రాక్ష మోడు మీది పాత కొమ్మలన్నీ కత్తెరతో కోసి, చిగురేసే కన్నులు ఆరు లెక్కపెట్టి ఒక కొమ్మ ఉంచాడు. పక్కనే నిటారుగా రెండోది కూడా ఉంచాడు. కోసినవాటిని వెనకున్న ఒంటిచక్రం బండిలోకి విసిరాడు. ఇనుప పీపాను సగానికి చీల్చి చేసిన ఆ బండిలోనే అవి చిటపటమని కాలిపోతున్నాయి. బర్గండీ కొండవాలులో శీతాకాలమంతా ఈ పొగే. భార్య బతికున్నన్నాళ్ళూ అతని కోటును గుమ్మం దాటనిచ్చేది కాదు.

పొద్దున తోట యజమాని తిబో వచ్చాడు. మేనత్త తోట చేతికొచ్చి రెండేళ్ళే అయింది. చెడ్డవాడు కాదు, తొందర మనిషి.

"ఇదేంటి పెద్దాయనా, మోడుకి రెండేసి ఉంచుతున్నావ్? ఊరంతా నవ్వుద్ది."

"నవ్వనీ బాబూ, పళ్ళున్నోళ్ళు నవ్వుతారు. ఏప్రిల్లో మంచు జారొచ్చి ఈ పల్లంలోనే కూచుంటది. వంచి కట్టిన కొమ్మ మాడినా నిలబడ్డది బతుకుద్ది. గండం దాటాక కోసేద్దాం."

"రెండేళ్ళుగా ఈ ఎనిమిది వరుసలూ కాయలేదు. ఈసారీ కాయకపోతే పీకించేస్తా, ముందే చెప్తున్నా."

"అందుకే కదయ్యా, ఉంచమంటున్నా."

తిబో గడియారం చూసుకున్నాడు. "సరే, ఉంచుకో. రేపు కొమ్మలు వంచి తీగకి కట్టేవాళ్ళొస్తారు, సాయంత్రానికి అయిపోవాలి."

ఆ మోళ్ళు నాటింది లెయోన్సే, పెళ్ళయిన ఏడు. భార్య నీళ్ళు మోసింది. వాటిని పీకుతుంటే చూసే ఓపిక తనకు లేదని అతనికి తెలుసు.

మధ్యాహ్నం రాతిగోడ వారన రొట్టె, జున్ను తిన్నాడు. ఈ వరుసలు చివరిసారి కాసినప్పటి వైను గ్లాసులో పోసుకున్నాడు. పల్చని ఎరుపు, గ్లాసు అవతలి చేతివేళ్ళు కనబడతాయి. పారిస్ పెద్దమనుషులు దీన్ని పుక్కిలించి, కళ్ళు మూసుకుని, గులాబీ అంటారు, తడిమట్టి అంటారు. లెయోన్స్‌కు మాత్రం ఆ ఏడు జూలైలో పడ్డ వడగళ్ళు గుర్తొచ్చాయి. గ్లాసు ఖాళీ చేసి, గోడ పట్టుకుని లేచాడు. అతని అలసట నిద్రకు తీరేది కాదు, చాలా ఏళ్ళుగా.

పొద్దు వాలేసరికి ఎనిమిదో వరుసలో ఒక్క మోడు మిగిలింది. ఊపిరి తీసుకుందామని దాని పక్కన కూలబడ్డాడు. బండిలో నిప్పు ఆరినా లేవలేదు. చూడవచ్చిన తిబో రెండుసార్లు పిలిచి, దగ్గరికొచ్చి, టోపీ తీసేశాడు.

మర్నాడు పొద్దున్నే తిబో చర్చికి, శవపేటిక పనికి పరిగెత్తాడు. కట్టేవాళ్ళకు చెప్పాల్సిన ఒక్క మాట మర్చిపోయాడు. వాళ్ళు నలుగురు ఆడవాళ్ళు, లెయోన్స్‌తో ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళు. వాళ్ళలో పెద్దది సొలాంజ్ వరుస చూసి కళ్ళొత్తుకుంది.

"చూపు తగ్గిపోయిందే పాపం. మోడుకి రెండేసి వదిలేశాడు."

"తిబో చూస్తే ఏమనుకుంటాడు? పోయినోడికి మాట రాకూడదు. మనమే సరిచేద్దాం," అంది ఇంకొకామె.

ఎనిమిది వరుసల్లో రెండో కొమ్మ ఒక్కటి లేకుండా శుభ్రంగా కోసి, అతని బండిలోనే కాల్చారు. అతను కూలబడ్డ చోటి మోడు మీద మాత్రం కత్తెర పెట్టడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. సాయంత్రం తిబో వచ్చి చూసి, బండిలోని బూడిదను పుల్లతో కెలికాడు. అంత ప్రేమగా చేసినవాళ్ళను ఏమని తిట్టగలడు?

ఏప్రిల్ మూడోవారంలో మంచు పడింది. వంచి కట్టిన కొమ్మల మీది చిగురంతా పొగాకులా నల్లబడింది. జూన్‌లో తిబో అన్నంత పనీ చేశాడు, ఆ వరుసలు పీకించాడు. ట్రాక్టరు చివరి మోడు దగ్గరికి వచ్చాక చెయ్యి అడ్డంపెట్టి ఆపించాడు.

సెప్టెంబరులో ఆ దున్నిన నేల చివర, ఎవరూ కత్తిరించని, వంచి కట్టని కొమ్మల మధ్య, ఆ ఒక్క మోడుకి పిడికెడేసి గుత్తులు మూడు కాశాయి.