అన్నీ ఎడమ చేతులే

చొక్కా చేతులన్నీ ఎడమవే కత్తిరించి పెట్టింది చెల్లెలు. బడి యూనిఫారాల కోసం తెచ్చిన నీలం బట్ట, తానులో సగం, ఒక్క కుడి చెయ్యి లేకుండా బల్ల మీద కుప్పగా పడి ఉంది. అక్క ఒక్కో ముక్కా తిప్పి చూసింది. బట్ట మంచివైపు అన్నిటికీ ఒకే పక్కకి. ఒళ్లు భగ్గుమంది.

ఇంటి ముందుగదిలోని ఆ కుట్టు దుకాణం ఇద్దరిదీ. కత్తెర చెల్లెలిది, మిషను అక్కది. మనిషి గుమ్మంలోకి వస్తుండగానే భుజం కొలత చెప్పేస్తుందని చెల్లెలికి పేరు. అలాంటిది కొన్ని నెలలుగా సుద్దముక్క పట్టుకుని బల్ల ముందు నిలబడితే అలా నిలబడిపోయేది. మడతపెట్టాల్సినవి విప్పేది, కాజాలు తియ్యాల్సినవి మడతపెట్టేది. పొయ్యి మీద పాలు పెట్టి, పక్కనే ఉండి, అవి పొంగిపోతుంటే చూసేది. తల దువ్వుకోవడం కూడా మానేసింది. ఏమైందే అంటే ఏం లేదక్కా అనేది.

అక్కకి ఓపిక అంతంతమాత్రం. మొదట బుజ్జగించింది, తర్వాత ఎత్తిపొడిచింది, ఆనక తిట్టింది. మహారాణిలా కూర్చున్నావంది, బద్ధకం బాగా ఒంటబట్టిందంది. ఈ రోజు మాత్రం కుప్పలోంచి ఓ ముక్క తీసి మొహం మీదికి విసిరింది.

"నిద్రపోతూ కత్తిరించావా?"

చెల్లెలు ఆ ముక్కని ఒళ్లో పెట్టుకుని సాపు చేసింది.

"కత్తిరించడం తెలుసక్కా. ముందు ఏది, తర్వాత ఏది అన్నదే తోచడంలేదు. నువ్వు ఓ మాట చెప్తే, చివరికొచ్చేసరికి మొదలు జారిపోతోంది. లేచి మంచినీళ్లు తాగాలన్నా, ఎక్కడ మొదలుపెట్టాలో తెలీక కూర్చుండిపోతున్నా."

ఏడుస్తూ చెప్పుంటే అక్క నమ్మేది కాదేమో. చెల్లెలు ఏడవలేదు. ఎవరి సంగతో చెప్తున్నట్టు చెప్పింది. ఆ గొంతు విని అక్క దుకాణం అప్పుడే మూసేసింది. మర్నాడే ఆస్పత్రికి లాక్కెళ్లింది.

ఇది డిప్రెషన్ అనీ, దిగులుతో ఆగదనీ, ఆలోచన మీద, గుర్తుపెట్టుకోవడం మీద, పని మొదలుపెట్టడం మీద కూడా చెయ్యి వేస్తుందనీ డాక్టరమ్మ చెప్పింది. మందులు పట్టడానికి వారాలు పడుతుందట. అప్పటిదాకా ఒకసారికి ఒక్క పనే చెప్పమంది. అక్కకి ఆవిడ మీదా కోపం వచ్చింది. వారాలా? అంత నింపాదిగా ఎలా చెప్తోంది?

కబురు తెలిసి పిన్ని వచ్చింది. కుర్చీలో సర్దుక్కూర్చుని, మా రోజుల్లో ఇలాంటి జబ్బులు వినలేదంది. అంతా గారాబం, రెండు తగిలిస్తే అదే దారికొస్తుందంది. లోపలి గదిలో మంచం కిర్రుమంది. చెల్లెలు వింటోంది.

"పిన్నీ, నువ్వు అనకముందే ఆ మాట నేనే అన్నా. బట్ట విసిరి మొహాన కూడా కొట్టా. ఏమీ బాగుపడలేదు. ఇంక లే, వెళ్లు."

పిన్ని నోరు తెరిచింది. అక్క అప్పటికే తలుపు తీసి పట్టుకుంది.

బడివాళ్లు యూనిఫారాలు వేరే దుకాణానికి ఇచ్చేశారు. కటింగు పని అక్క మీద పడింది. కత్తెర ఆమె మాట వినేది కాదు. తిట్టుకుంటూ కత్తిరించేది, తిట్టుకుంటూ కుట్టేది. చెల్లెలితో మాత్రం కూడబలుక్కుంటూ మాట్లాడేది. "ఇదిగో... ఈ గుండీ... ఇక్కడ... కుట్టు."

కొన్ని వారాలు అలా సాగాక, ఓ మధ్యాహ్నం చెల్లెలు సూది బల్లకి గుచ్చేసింది.

"అలా మాట్లాడకు. నా బుర్ర నెమ్మదించింది గానీ నేను చంటిపిల్లనైపోలేదు."

"మామూలుగా మాట్లాడితే బిగుసుకుపోతావు, నెమ్మదిగా మాట్లాడితే కరుస్తావు. నన్నేం చెయ్యమంటావే?"

"నాకేం తెలుసు? నన్ను చూస్తే నాకే అసహ్యంగా ఉంది. నా చేతులు కోసి ఎవరికో ఇచ్చేసినట్టుంది."

నెలల తరబడి ఉలుకూ పలుకూ లేని మనిషి మొహం ఎర్రబడి ఉంది. అక్కకి ఊరట కలిగింది, అంతలోనే దీనికింత అన్యాయమా అని దుఃఖం పొంగింది. అయినా తగ్గలేదు. ఆ రోజు మిషను మామూలుకన్నా గట్టిగా మోగింది.

తర్వాత డాక్టరమ్మ ఒక మందు మార్చింది. చలి మొదలయ్యేసరికి చెల్లెలు రోజుకి ఓ చొక్కా కత్తిరించసాగింది. ముక్కల మీద సుద్దతో కుడి, ఎడమ అని రాసుకుని మరీ. కొన్ని రోజులు అదీ కుదిరేది కాదు. అప్పుడు వెళ్లి పడుకునేది, అక్క ఏమీ అనేది కాదు. పిన్నితో మాటలు ఇంకా లేవు. దుకాణంలో ఎవరైనా 'బద్ధకం' అన్నారంటే మాత్రం, అది ఎవరి గురించైనా సరే, అక్క మిషను ఆపేసి వాళ్ల వైపు చూస్తుంది. ఆ చూపుకి కొలతలు ఇవ్వకుండానే వెళ్లిపోయినవాళ్లు ఉన్నారు.